హెడ్డమ్మ ఎక్కని బల్ల

ఆ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు, ఒకటే బాత్రూమ్. పొద్దున పూట ఆ తలుపు దగ్గర జరిగే యుద్ధం గురించి చెప్పడం మొదలుపెడితే అదే ఒక పెద్ద కథ అవుతుంది కాబట్టి దాన్ని వదిలేద్దాం. మనక్కావలసింది అద్దం పక్కనున్న చిన్న అలమార. పై అరలో సబ్బులూ షాంపూలూ, కింది అరలో ప్యాడ్ల ప్యాకెట్. ఇంటి కోడలు సరుకులతో పాటు ప్యాకెట్ తెచ్చి అక్కడ పెడుతుంది, అది తరుగుతుంది, ఆమె మళ్ళీ తెస్తుంది. కొంప మునిగింది ఆ కింది అరలోనే.

ఈ కోడలు యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కటింగ్ మాస్టరు. ఆడమనిషైతే ఏం, అక్కడ అందరూ "మాస్టరూ" అనే పిలుస్తారు. ఆయిల్ ట్యాంకరు నడిపే మొగుడు కూడా ఇంటికొచ్చిన నాలుగు రోజులూ వేళాకోళానికి అలాగే పిలుస్తాడు. గుడ్డని పొరల మీద పొరలుగా పరిచి, సుద్దతో గీత గీసి, కరెంటు కత్తెరతో కోసే పని ఆమెది. ఒక్క పొర జరిగినా మొత్తం గుడ్డ తగలడుతుంది. అంచేత చెయ్యి స్థిమితంగా ఉండాలి. ఆ చెయ్యే ఈమధ్య మాట వినడం లేదు.

నెలసరి ఆగిపోయినప్పుడు "హమ్మయ్య, ఒక పీడ వదిలింది" అనుకుంది మాస్టరు. అది వెళ్తూ వెళ్తూ ఇంకో పీడని తన చోట కూర్చోబెట్టి పోయింది. ఉన్నట్టుండి మెడ వెనక నుంచి మంట లేచేది. మొహం మీదికి పాకేది. జాకెట్టు తడిసి ముద్దయ్యేది. కత్తెర ఆపేసి ఫ్యాను ముందు నిలబడితే, మిషన్ల దగ్గరి ఆడవాళ్లు "మాస్టరుకి మళ్ళీ ఎండాకాలం వచ్చిందర్రోయ్!" అని నవ్వేవారు. తనూ నవ్వేది. డాక్టరుకి చూపించుకోరాదా అని ఎవరైనా అంటే, "నాదేముందిలే" అని కొట్టిపారేసేది. ఆ "నాదేముందిలే" అన్న మాటని ఎవడు కనిపెట్టాడో గానీ, వాడు దొరికితే నాలుగు తగిలించాలని నాకు ఎన్నాళ్ళనుంచో ఉంది.

ఆమె దిగులంతా పదహారేళ్ళ కూతురి మీదే. పిల్ల పరుగు పందాలకి వెళ్తుంది. స్కూల్లో దాన్ని అందరూ జింక అంటారు. పేరుకి తగ్గట్టే కాళ్ళూ కళ్ళూ తప్ప ఒంటిమీద వేరే ఏమీ కనబడదు. కంచంలో పెట్టింది సగం వదిలేసి లేచిపోతుంది. "నెలనెలా సరిగ్గా వస్తోందా?" అని అడిగితే "ఆఁ" అంటుంది. ఆ "ఆఁ" వెనక తలుపు ధడేలుమని మూసుకుంటుంది. ఇంక తల్లేం చేస్తుంది? అలమార చూసుకునేది. తనకి ఆగిపోయింది. అత్తగారికి ఆగిపోయి ఎన్నో ఏళ్ళయింది. ప్యాకెట్ తరుగుతోందంటే పిల్ల బాగున్నట్టే కదా! టేపుతో కొలవకుండా గుడ్డ మీద కత్తెర పెట్టని మనిషి, కన్నకూతురి ఆరోగ్యాన్ని మాత్రం ఇలా కంటిచూపుతో కొలిచేసి నిశ్చింతగా ఉంది.

ఇక మూడో ఆవిడ, అత్తగారు. పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. ఊరంతా హెడ్డమ్మ అంటుంది. ఆ ఊళ్ళో సగం మంది పుట్టగానే మొట్టమొదట విన్న మాట ఆవిడ కేకే. ఉద్యోగం వదిలినా ఆవిడ గొంతు మాత్రం రిటైరవలేదు. గేటు దగ్గర నిలబడి వచ్చేపోయే ఆడవాళ్ళని ఆపి మరీ వైద్యం చెప్పేది. ఎక్కువగా చెప్పేది ఒకటే: "ముట్లుడిగి ఏళ్ళు గడిచాక మళ్ళీ రక్తపు చుక్క కనబడిందా, ఒక్కరోజు కూడా ఆగకూడదు. సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది, తెలిసిందా?" తెలిసిందని తల ఊపేదాకా వదిలేది కాదు. మాస్టరు ఆ మాట ఎన్నిసార్లు విన్నదంటే, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలదు.

ఒక మధ్యాహ్నం ఖాకీ గుడ్డ మీద కత్తెర నడుస్తుండగా ఫోను మోగింది. స్కూలు పీటీ టీచరు.

"అమ్మా, కంగారు పడకండి," అంది ఆవిడ. ఆ మాట విన్నాక కంగారు పడనివాళ్ళెవరు? "జింక ప్రాక్టీసు చేస్తూ కూలబడిపోయింది. కాలు కింద మోపలేకపోతోంది. ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకొచ్చాను. మీరు తిన్నగా ఇక్కడికే వచ్చెయ్యండి."

మాస్టరు కత్తెర అక్కడే పడేసి పరిగెత్తింది. వెళ్ళేసరికి డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తున్నాడు. మోకాలి కింది ఎముకలో వెంట్రుకంత చీలిక.

"ఎక్కడైనా పడిందా? దెబ్బేమైనా తగిలిందా?"

"లేద్సార్," అంది టీచరు. "రోజూలాగే పరిగెడుతోంది."

డాక్టరు ఎక్స్‌రే పక్కన పెట్టి పిల్ల మణికట్లు చూశాడు, మొహం చూశాడు. "దెబ్బ తగలకుండా ఈ వయసులో ఎముక చిట్లకూడదు. నెలసరి సరిగ్గా వస్తోందా?"

"టంచనుగా వస్తుందండీ," అంది మాస్టరు. "అందులో ఏ లోటూ లేదు."

"నేనడిగింది అమ్మాయిని."

జింక పరుపు మీది దుప్పటి అంచుని వేళ్ళతో నలుపుతోంది. తల్లి వైపు చూడలేదు. "రావట్లేదు," అంది.

"ఎన్నాళ్ళయింది?"

"పోయినేడు పోటీలకి ముందు వచ్చింది. అంతే."

డాక్టరు ఏదో చెబుతున్నాడు. తిండి చాలక, పరుగు ఎక్కువైతే ఒంట్లో హార్మోను పడిపోతుందట. అది పడిపోతే నెలసరి ఆగుతుందట. ఎముకకి బలం ఇచ్చేదీ ఆ హార్మోనేనట. "పరిగెత్తే పిల్లలకి ఇది మామూలే అని వదిలెయ్యకండి. కాలు సంగతి నేను చూస్తాను. లేడీ డాక్టరుకి మాత్రం వెంటనే చూపించండి." మాస్టరు తలాడిస్తూనే ఉంది. చెవుల్లో మాత్రం తను వాగిన మాటే గింగురుమంటోంది. టంచనుగా వస్తుందట! సిగ్గులేకపోతే సరి!

కాలికి కట్టు కట్టించి, పిల్లని ఆటోలో ఎక్కించుకుంది. ఆటో గతుకులో పడ్డప్పుడల్లా పిల్ల పళ్ళు బిగబట్టేది, తల్లి దాని కాలిని ఒళ్ళో అదిమి పట్టుకునేది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే పరుగు మాన్పించేస్తావని."

"మాన్పించక? కాళ్ళు విరగ్గొట్టుకోమంటానా?" అని అరిచి, వెంటనే గొంతు తగ్గించింది. అప్పుడు తట్టింది ఆమెకి. ఆలస్యంగా తట్టిందని మీరు అనొచ్చు. పిల్ల కాలు ఒళ్ళో పెట్టుకున్న తల్లికి అన్నీ వరసలో తట్టవు. "మరి ప్యాడ్లు? నువ్వు వాడట్లేదు, నేను వాడట్లేదు. మరి అలమారలోవి ఎవరు..."

మాట సగంలో ఆగిపోయింది. ఇంట్లో ఉన్నది ముగ్గురే.

జింక వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. "నేను చెప్పలేదమ్మా. నీకు నువ్వే కనుక్కున్నావు. నానమ్మతో అదే చెప్పు, ప్లీజ్. నేను ఒట్టేశాను."

ఒక్కరోజు కూడా ఆగకూడదని ఊరందరికీ చెప్పే మనిషి! మాస్టరు ప్యాకెట్లు ఎప్పటినుంచి తరుగుతున్నాయో గుర్తు చేసుకోబోయి, భయమేసి మానేసింది.

ఇంటికెళ్ళేసరికి హెడ్డమ్మ బల్ల ముందు కూర్చుని బీన్స్ తరుగుతోంది. కట్టు చూడగానే లేచి నిలబడింది. "వేళ్ళు కదుపు. ఊఁ, కదుపు! తిమ్మిరి ఉందా? రంగు బాగానే ఉంది. కాలు కింద దిండు పెట్టు, ఎత్తులో ఉండాలి. అమ్మాయ్, అలా గుడ్లప్పగించి చూస్తావేం, దిండు తీసుకురా!"

మాస్టరు దిండు తెచ్చింది. కూతురి కాలు దాని మీద పెట్టింది. గది తలుపు దగ్గరికి వేసి వచ్చి అత్తగారి ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, మీకు ఎన్నాళ్ళుగా కనబడుతోంది?"

కత్తి ఆగింది. "ఏమిటే కనబడేది?"

"నన్ను మాయ చెయ్యకండి. అలమారలో ప్యాడ్లు జింకవి కావు, నావి కావు."

"నీకు మతిపోయింది. ఈ వయసులో నాకెందుకే అవి? ఏదో... ఒంటేలు ఆపుకోలేకపోతున్నాను. ముసలిదాన్ని కదా." హెడ్డమ్మ మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. ముక్కలు మాత్రం సమానంగా పడటం లేదు.

"అయితే పదండి, డాక్టరుతో అదే చెబుదాం. మాత్ర ఇస్తారు."

హెడ్డమ్మ బీన్స్ గిన్నెని దగ్గరికి లాక్కుంది.

"నానమ్మా!" అని గదిలోంచి అరిచింది జింక. మూసిన తలుపులు ఆ ఇంట్లో పేరుకే. "అమ్మకి తెలిసిపోయింది. ఇంక చెప్పెయ్యి!"

హెడ్డమ్మ కత్తి కింద పెట్టింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మొదట్లో ఒకసారి బాత్రూమ్‌లో ఆవిడ బట్ట నానబెడుతుండగా మనవరాలు చూసింది. చూసి భయపడి, అమ్మకి చెబుతానంది. అప్పటికే మనవరాలికి నెలసరి ఆగిందని నర్సమ్మ కన్ను పసిగట్టేసింది. నీది నేను చెప్పను, నాది నువ్వు చెప్పకు అని ఒట్టు వేయించుకుంది. ప్యాకెట్ తరుగుతుంటే కోడలికి అనుమానం రాదని కూడా ఆవిడకి తెలుసు. ఒక్క దెబ్బకి రెండు రోగాలూ దాక్కున్నాయి. ఆ తెలివిని ఏమనాలి చెప్పండి!

మాస్టరు ఒక్కసారిగా లేచింది. కుర్చీ వెనక్కి పడింది. "మీ ప్రాణం మీ ఇష్టం అనుకుందాం. నా పిల్లనెందుకు ముంచారు? దాని ఎముక చిట్లింది అత్తయ్యా! ఏమీ తెలియని దాన్ని నేను చేశానంటే అర్థముంది. అన్నీ తెలిసిన మీరు చేస్తారా?"

"అరవకు," అంది హెడ్డమ్మ. వార్డులో పనిచేసిన గొంతు కాదది. "అరవకే. పక్కింటివాళ్ళకి వినబడుతుంది."

"వినబడనీ! ఊరందరికీ నీతులు చెప్పారు కదా, ఇది కూడా విననీ!" ఒళ్ళంతా మంట లేచింది ఆమెకి. అది కోపమో, ఆ పాడు ఆవిరో తెలియలేదు. చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "రేపే పెద్దాసుపత్రికి వెళ్దాం."

"నేను రాను."

"ఎందుకు రారు?"

"రానంటే రాను. ఆ పరీక్ష చేసే బల్ల మీద నేను పడుకోను." హెడ్డమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "దాని పక్కన నిలబడి నా జీవితం గడిచింది. అక్కడ పడుకున్న మనిషి ఎలా కనబడుతుందో నాకు తెలుసు. ఆవిడ వెళ్ళిపోయాక మేం టీలు తాగుతూ ఏం మాట్లాడుకునేవాళ్ళమో, ఎలా నవ్వుకునేవాళ్ళమో కూడా తెలుసు. ఇవాళ అక్కడున్నవాళ్ళంతా నా చేతికింద తిట్లు తిన్న పిల్లలే. వాళ్ళ ముందు కాళ్ళు చాపమంటావా? చస్తే చస్తాను గానీ, నేను పడుకోను."

మాస్టరు మొగుడికి ఫోను చేసింది. ఎక్కడో రోడ్డు పక్కన ట్యాంకరు ఆపి విన్నాడు. "అమ్మని నువ్వే ఒప్పించు మాస్టరూ. నేను చెబితే ఎప్పుడైనా విందా?" అన్నాడు.

"నీ కన్నతల్లి కదయ్యా!"

"అందుకే వినదు. నేను బయల్దేరుతున్నా గానీ, వచ్చేసరికి రోజులు పడుతుంది. నువ్వు మాత్రం ఆగకు."

ఆమె ఆగలేదు. అత్తగారిని బతిమాలింది, బెదిరించింది, మాట్లాడటం మానేసింది. ఆవిడ దేనికీ లొంగలేదు. అన్నం వండుకుని తన పళ్ళెంలో తను వడ్డించుకుని తినేది, పళ్ళెం తనే కడుక్కునేది. బాత్రూమ్ నుంచి బయటికొచ్చేటప్పుడు ఆవిడ మొహం పాలిపోయి ఉండేది. వర్క్‌షాపులో ఒక పూట చొక్కాల చేతుల ముక్కలన్నీ తలకిందులుగా కోసేసింది. మిషన్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. యజమాని వచ్చి చూసి, తిట్టకుండా, "మాస్టరూ, ఇంటికెళ్ళు," అన్నాడు.

పిల్లని లేడీ డాక్టరుకి చూపించాల్సిన రోజు రానే వచ్చింది. ఆ ఊళ్ళో లేడీ డాక్టరంటే పెద్దాసుపత్రి పొట్టి డాక్టరమ్మే. జింక మొండికేసింది. నానమ్మ పక్కన లేకపోతే సూది వేయించుకోనంది. అది నాటకమో నిజమో గానీ, హెడ్డమ్మ మెత్తబడింది. "తోడుగా వస్తాను. తోడుగానే!" అని కోడలి మొహం చూడకుండా చెప్పి, ఇస్త్రీ చీర కట్టుకుంది.

ఆసుపత్రి వరండాలో నర్సులు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. "హెడ్డమ్మ వచ్చింది!" అని వార్డులోకి కబురు వెళ్ళింది. ఆవిడ వెన్ను నిటారుగా అయింది. "ఆ స్టాండు అక్కడ పెట్టారేం, దారికి అడ్డంగా?" అని గదమాయించింది. ఎవరో పరిగెత్తి జరిపారు. ఆ నడక, ఆ దర్జా చూస్తే ఆ చీర కింద ఏం దాస్తోందో ఎవరూ ఊహించలేరు. మాస్టరుకి తెలుసు కాబట్టి ఆ దర్జాని చూడలేకపోయింది.

పొట్టి డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి దండం పెట్టింది. "రండి సిస్టర్! ఎన్నాళ్ళయింది! మొదటి కాన్పు చూసి కళ్ళు తిరిగి పడిపోతే, మీరు నన్ను బయటికి గెంటేశారు, గుర్తుందా?"

"మళ్ళీ లోపలికి రమ్మన్నాను కూడా," అంది హెడ్డమ్మ. "దీన్ని చూడండి. నా మనవరాలు."

డాక్టరమ్మ జింకని ఓపిగ్గా అడిగింది. ఏం తింటోంది, ఎంత పరిగెడుతోంది, కడుపునొప్పి ఉందా. రక్తపరీక్షలు, ఎముకల స్కాను రాసింది. పరుగు పూర్తిగా మానక్కర్లేదని, కాలు అతుక్కున్నాక మెల్లగా మొదలుపెట్టొచ్చని, ముందు తిండి పెంచాలని చెప్పింది. ఆ మాటకి పిల్ల మొహం కాస్త వెలిగింది. "సరే, ఇంకేమైనా ఉందా?" అంది డాక్టరమ్మ.

మాస్టరు అత్తగారి వైపు చూసింది. ఆవిడ అప్పటికే సంచీ సర్దుకుంటోంది. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే ఇంక ఈ జన్మలో ఈ గదిలోకి రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చెబితే అత్తగారు తనతో మళ్ళీ మాట్లాడుతుందో లేదో. నలుగురిలో పరువు తీశావని చచ్చేదాకా సాధిస్తుందేమో. సాధించనీ, చచ్చేదాకా అనేది చాలా దూరం ఉంటే అంతకన్నా కావలసిందేముంది అనుకుంది మాస్టరు.

"ఉంది డాక్టరమ్మా," అంది. "మా అత్తయ్యకి మళ్ళీ రక్తం కనబడుతోంది. నెలల తరబడి. మాకు చెప్పకుండా దాచింది."

మూలన మందులు సర్దుతున్న ఇద్దరు నర్సులు తలెత్తి చూశారు. డాక్టరమ్మ నవ్వు మాయమైంది. "సిస్టర్?"

హెడ్డమ్మ లేచింది. కోడలి వైపు చూసిన చూపు నేను చెప్పలేను. "దీనికి మతి చలించింది. వయసు మీద పడింది కదా, ఆవిర్లు తలకెక్కాయి. నేను వెళ్ళొస్తా." సంచీ భుజాన వేసుకుని తలుపు వైపు నడిచింది.

తలుపు దగ్గర జింక ఉంది. ఊతకర్రల మీద ఎప్పుడు లేచిందో, ఎప్పుడు అక్కడికి చేరిందో ఎవరూ చూడలేదు.

"తప్పుకో," అంది హెడ్డమ్మ.

"నానమ్మా, ఒక్కటి చెప్పు. నాకు నెలసరి ఆగిందని తెలిసినప్పుడు పర్లేదన్నావు. పరిగెత్తే పిల్లలకి ఆగుతుంది, ఏం కాదన్నావు. నువ్వు నర్సువని నేను నమ్మాను. నిజంగా పర్లేదనుకునే చెప్పావా?"

హెడ్డమ్మ నోరు తెరిచింది. ఏదో ఒకటి అనేస్తుందనే అనుకుంది మాస్టరు. ఆవిడకి మాటలు కరువా? ఆవిడ మనవరాలి కాలి కట్టు వైపు చూసింది. సంచీ భుజం మీంచి జారి మోచేతికి వేలాడింది.

"లేదు," అంది.

"మరి?"

"పర్లేదనుకోలేదు. తెలిసే చెప్పాను. నువ్వు మీ అమ్మకి చెప్తే నాది బయటపడుతుందని చెప్పాను." "నాకు భయమేసిందే తల్లీ. చాలా భయమేసింది. ఆ రక్తం చూసిన రోజునుంచీ ఒక్కరోజు కూడా నిద్రపోలేదు."

జింక కర్రలు వదిలేసి ఆవిడ మెడని వాటేసుకుంది. ఒంటికాలి మీద నిలబడ్డ పిల్ల బరువుని ముసలావిడ తన ఒంటిమీద కాసింది. మాస్టరు కదల్లేదు. దగ్గరికి వెళ్ళాలనీ ఉంది, వెళ్ళి రెండు చెంపలూ వాయించాలనీ ఉంది. తెలిసే చెప్పిందట!

పొట్టి డాక్టరమ్మ మెల్లగా లేచి ఆ నర్సులిద్దర్నీ బయటికి పంపేసింది. తలుపు గడియ పెట్టింది. "సిస్టర్, ఈ గదిలో నేనొక్కదాన్నే ఉంటాను. ఇంకెవరూ రారు, ఎవరూ ఏమీ మాట్లాడుకోరు. అది నా పూచీ."

"మాట్లాడుకుంటారులే," అంది హెడ్డమ్మ. కళ్ళు తుడుచుకుని సంచీ కుర్చీలో పెట్టింది. "మాట్లాడుకోనీ." పరీక్ష బల్లకి అడ్డంగా కట్టిన తెర దగ్గరిదాకా వెళ్ళి ఆగిపోయింది. బల్ల ఎత్తు ఎంతో, మెట్టు ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి, దాన్ని ఎక్కడం తెలియనట్టు నిలబడింది. "అమ్మాయ్," అంది వెనక్కి తిరక్కుండానే. "నువ్వు రా."

మాస్టరు వెళ్ళింది. మోచెయ్యి పట్టుకుని ఎక్కించింది. పరీక్ష జరుగుతున్నంతసేపూ హెడ్డమ్మ కప్పు వైపే చూస్తూ కోడలి వేళ్ళు నలిపేసింది. నొప్పికి అరవొద్దని ఊరందర్నీ కసిరిన మనిషి మధ్యలో ఒకసారి "అమ్మా" అంది. చిన్నగానే అంది. మాస్టరు రెండో చేత్తో ఆవిడ నుదుటి మీది చెమట తుడిచింది. ఆ తర్వాత తన నుదురు కూడా తుడుచుకుంది.

"మీ సంగతేంటి?" అంది డాక్టరమ్మ ఆమెని చూసి. "ఇలా ఎన్నాళ్ళుగా చెమటలు పడుతున్నాయి?"

"నాదేముందిలెండి. ముందు అత్తయ్య సంగతి చూడండి."

"దాన్ని కూడా చూడండి డాక్టరమ్మా," అంది హెడ్డమ్మ బల్ల మీంచి. "కరెంటు కత్తెరతో పని. ఏదో ఒకరోజు వేళ్ళు కోసుకుంటుంది. చెబితే వినదు, మొండి ఘటం."

ఎవరు ఎవర్ని అంటున్నారో చూశారా! మాస్టరుకి నవ్వొచ్చింది. నవ్వకూడదని పళ్ళు బిగబట్టింది.

గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేలోగా ట్యాంకరు మొగుడు వచ్చాడు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఆవిడ పాదాలు నొక్కుతూ ఉండిపోయాడు. ఫలితం వచ్చింది. క్యాన్సరే. డాక్టరమ్మ దాచలేదు. దాస్తే హెడ్డమ్మ ఊరుకోదని ఆవిడకి తెలుసు. స్కాను చూస్తే గర్భసంచి దాటినట్టు లేదంది. ఆపరేషన్ చేసి తీసేస్తే బాగయ్యే అవకాశం ఎక్కువే అంది. "కోసి చూస్తేగానీ ఖాయంగా చెప్పలేను సిస్టర్. మొదటి చుక్కకే వచ్చి ఉంటే ఇంత ఆలోచించాల్సిన పని ఉండేది కాదు."

"తెలుసు," అంది హెడ్డమ్మ.

ఆపరేషన్ రోజు పొద్దున ఆవిడకి ఆకుపచ్చ గౌను తొడిగి చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. వరండా పొడుగునా నర్సులు నిలబడి ఉన్నారు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు, ఇద్దరు ముగ్గురు ఏడుస్తున్నారు కూడా. కొడుకు మందుల కోసం కిందికి వెళ్ళాడు. ఒక పక్క జింక కర్రల మీద, ఇంకో పక్క మాస్టరు. ఆపరేషన్ గది తలుపు దగ్గర మంచం ఆగింది.

ఇన్ని రోజులూ అత్తాకోడళ్ళు పని మాటలు తప్ప వేరే మాట్లాడుకోలేదు. మందు వేసుకున్నారా, నీళ్ళు కావాలా, అంతే. హెడ్డమ్మ తల తిప్పి కోడలిని చూసింది. జడ విప్పి టోపీలోకి తోసేసరికి ఆవిడ మొహం చిన్నదైపోయింది.

"పిల్ల విషయంలో నేను చేసింది..." అంది. "నువ్వు నన్ను క్షమించవేమో."

"క్షమించను," అంది మాస్టరు. "మీ మీద నాకున్న కోపం ఇంకా సగం కూడా తీరలేదు. ఒంట్లో బాలేని మనిషిని తిట్టకూడదని ఆగాను. లేచి కూర్చోండి, అప్పుడు చెబుతాను మీ పని."

హెడ్డమ్మ ఆమెని అలాగే చూసింది. చివరికి, మంచం తోసే నర్సుతో, "ఏమ్మా, ఇంకా నిలబడతావేం? తొయ్యి," అంది.

తలుపులు మూసుకున్నాయి. పైన ఎర్రదీపం వెలిగింది. జింక బెంచీ మీద కూలబడి, పక్కన చోటు చూపించింది.

"అమ్మా, నిజంగానే క్షమించవా?"

"లేదు."

"అయితే వచ్చి కూర్చో. చాలాసేపు పడుతుందన్నారు కదా."

"నువ్వు కూర్చో," అంది మాస్టరు. మెడ వెనక నుంచి మంట లేచి మొహమంతా పాకుతోంది. చెంగుతో తుడుచుకుంది గానీ తలుపు ముందు నుంచి కదల్లేదు. "ఆవిడకి మెలకువ వచ్చేసరికి నేను ఎదురుగా కనబడాలి. లేకపోతే భయపడుతుంది."